పావురాళ్ళకొండయు దాని చుట్టుపట్టుల పల్లెలును

(వార్షిక మహాసభ రెండవనాటి ఉదయమున చదివిన ఉపన్యాసము)



వేటకు విరామమైన దినములలో మన మహాసభ జరుగుట వాడుక. ఏప్రిలు 15వ తేదీ మొదలు జూను 14వ తేదీ వఱకు 61 దినములు తూర్పుతీరమున మరపడవలు కడలిమీదికి పోరాదను కట్టడి యుండుటచేత, వలలు బాగుచేసికొనువారు వలలును, పెండ్లిండ్లు తలపెట్టినవారు పెండ్లిండ్లును ముగించుకొని, మిగిలిన తీరికలో మీరెల్లరు ఇచటికి దయచేసినారు. నన్ను విద్యనుగూర్చి ప్రసంగింపుమని కార్యదర్శిగారు కోరిరి. పాఠశాలలో తల నెఱసినవానినుండి అట్టి ప్రసంగమునే జనులు ఎదురుచూతురు. బాలబాలికలను బడికి పంపుడని ఈ వేదికనుండి చెప్పని సంవత్సరము లేదు. ఈసారి చెప్పుటకు నాకంటె సమర్థులు ముగ్గురు నా ప్రక్కనే కూర్చుండియున్నారు. కావున వారి యనుమతితో నేనొక చిన్న కొండనుగూర్చియు, దాని నీడనున్న పల్లెలనుగూర్చియు నాలుగుమాటలు మనవి చేసెదను. ఇది విద్యకు సంబంధించిన విషయము కాదని తొందరపడి తలపవలదు.

మన సభలలో ఏటేట మత్స్యగంధి కథ చెప్పుకొందుము. మంచిదే. వేదవ్యాసుని కన్నతల్లి దాశరాజు నింట పెరిగినదని గర్వించుట మనకు తగును. కాని ఆ కథలో నన్ను ఎక్కువగా ఆకర్షించునది వేఱొక యంశము. పరాశరుడంతటి మహర్షి యమునను దాటుటకు ఆ పిల్ల నడుపు పడవ నెక్కవలసివచ్చినది. పడవ నడుపుట ఒక విద్య. దానికి గురువు కలడు, అభ్యాసము కలదు, తప్పినచో ప్రాణాపాయమను పరీక్షయు కలదు. ఆ విద్యలో ఒక యధ్యాయము కొండలనుగూర్చినది. దానిని చెప్పుటకే నేటి ప్రయత్నము.

భీమునిపట్టణము విశాఖపట్టణమునకు ఈశాన్యదిక్కున, సముద్రపుటొడ్డు బాటను పోయినచో ఇంచుమించు 25 కిలోమీటర్ల దూరమున నున్నది. గోస్తనీనది ఆ యూరికి ఉత్తరముగా సాగరమున కలియుచున్నది. ఊరికి పడమటనున్న గుట్టయే పావురాళ్ళకొండ. నరసింహస్వామి యాలయ ముండుటచేత నరసింహస్వామికొండ యనియు దానికి పేరు. హిమవంతముతోను మేరువుతోను పోల్చదగినది కాదు. తూర్పుకనుమలలో అంతకంటె పొడవైనవి వందలు గలవు. కాని కడలినుండి చూచువానికి కొండ గొప్పతనము దాని పొడవులో లేదు. అది ఉన్న చోటులో నున్నది.

పేరునుగూర్చి మొదట చెప్పెదను. పావురమను తెలుగుమాట సంస్కృతమందలి పారావత శబ్దమునుండి పుట్టినది. అమరసింహుడు పారావత కపోత శబ్దములను ఒక్కచోటనే పర్యాయములుగా పఠించినాడు. 5వ శతాబ్దారంభమున మనదేశమున సంచరించిన చీనాభిక్షువు ఫాహియాను దక్షిణదేశమున పారావతమను పేరుగల ఒక గొప్ప విహారము కలదని వ్రాసినాడు. త్రోవలు దుర్గమములగుటచే తాను పోలేదనియు, అచటివారు చెప్పగా విన్నాననియు నిజాయితీగా చెప్పినాడు. అది మన కొండయే యని చాటుకొనుటకు నోరూరును. నే నట్లు చాటను. ఆతడు విన్న విహారము ఒకే శిలను తొలిచి ఐదంతస్తులుగా చేసినదట; మన కొండమీద కనబడునవి ఆ రీతివి కావు. పేరులోని పోలిక ఒక్కటే సాక్ష్యము కాజాలదు. మన కొండ ఘనతకు చీనావారి సిఫారసు అక్కఱలేదు.

అక్కఱలేదని యేల యనుచున్నాననగా, కొండమీద నున్నవి తమంతట తామే మాటలాడును. క్రీస్తుపూర్వము 3వ శతాబ్దము మొదలు క్రీస్తుశకము 2వ శతాబ్దము వఱకు అచట బౌద్ధభిక్షువులు వసించిరని పురావస్తు పండితులు నిర్ణయించిరి. వాననీరు నిలువచేయుటకై రాతిలో తొలిచిన తొట్లు 16 నేటికిని గలవు. కొండనెత్తిన చెఱువు త్రవ్వజాలరు, బావి పడదు. మూడు నాలుగు మాసములు కురిసిన వానను ఏడాది పొడవున త్రాగవలెను. ఆ లెక్క తెలిసియే రాతిని తొలిచిరి. నేడు వేసవి వచ్చినచో బిందెలు వరుసగా పెట్టుకొని నీటిబండికై కాచుకొని యుండు మన పల్లెల యాడుబిడ్డలు ఆ తొట్లను ఒకసారి చూచి రావలయునని నా కోరిక.

ఈ కొండకు తోబుట్టువులవంటివి మఱి రెండు గలవు. భీమునిపట్టణమునుండి విశాఖకు పోవు దారిలో మంగమారిపేటకు ఎగువనున్నది తొట్లకొండ. దానికి సమీపమున నున్నది బావికొండ. తొట్లకొండ సముద్రమట్టమునకు 128 మీటర్ల యెత్తున నున్నది. 1970లలో నౌకాదళమువారు విమానముపైనుండి ఆ ప్రాంతమును సర్వే చేయుచుండగా అచటి శిథిలములు బయటపడినవి. బావికొండమీద 1982 మొదలు 1987 వఱకును, తొట్లకొండమీద 1988 మొదలు 1993 వఱకును రాష్ట్ర పురావస్తుశాఖవారు త్రవ్వకములు సాగించిరి. స్తూపములు, చైత్యములు, భిక్షువుల గదులు, భోజనశాల, వంటయిల్లు వెలుగునకు వచ్చినవి. బావికొండమీద ధాతువులతో కూడిన భరిణె దొరకినది. తొట్లకొండమీద శాతవాహనుల నాణెములతో బాటు రోమకుల వెండినాణెములును దొరకినవి.

ఈ కొండలను ఫలానావారు కనుగొనిరని పుస్తకములు చెప్పుచున్నవి. అయ్యా, శాఖవారు రాకముందే ఆ కొండకు తొట్లకొండ యని పేరున్నది. రెండవదానికి బావికొండ యని పేరున్నది. తొట్లు చూడనివారు తొట్లకొండ యని యేల పిలుతురు? పశువులు కాయువాడును, కట్టెలకు పోవు ముసలమ్మయు, వేటనుండి మరలుచు దాహమై కొండ నెక్కిన పడుచువాడును ఆ తొట్లను చూచిరి, పేరు పెట్టిరి, ఆ పేరును కొడుకునకు చెప్పిరి. పండితులు త్రవ్వి తీసినదానికి విలువ లేదని నా యభిప్రాయము కాదు. వారి శ్రమకు నేను చేతులు జోడింతును. చదువురానివారు తమ యెఱుకను దాచుకొన్న పుస్తకము పేరే యని మాత్రము మనవి చేయుచున్నాను.

రోమకుల నాణెము సముద్రము దాటక తొట్లకొండకు రాలేదు. ఓడ నడుపువాడు లేక ఓడ రాదు. ఆ నావికులు మన పూర్వులే యని తీర్మానించి వంశవృక్షము గీయుట మన సభలలో కొందఱకు వేడుక. శాసనము లేని వంశవృక్షము నాకు సమ్మతము కాదు. ఓడ యను శబ్దము మన వాడబలిజల పేరులో నిలిచియున్నదనియు, జాలమను సంస్కృతశబ్దము జాలారులను పేరులో వినబడుచున్నదనియు చెప్పుకొన్న చాలును. అంతకుమించి గొప్పలు మనకు వద్దు. ఉన్నవే సమృద్ధిగా నున్నవి.

భీముడు బకాసురుని చంపినచోటు ఇదియే యనియు, కొండమీది నరసింహుని ప్రతిష్ఠించినవాడు ఆతడే యనియు స్థలమున చెప్పుకొందురు. భారతమున బకుని వధ ఏకచక్రపురమున జరిగినది. ఆ ఏకచక్రపురము మాదే యనువారు ఈ దేశమున ఎన్నియో యూళ్ళవారు గలరు. వారందఱతో తగవునకు పోవుట మనకు తగదు. గోస్తని పేరు మాత్రము ఆనందము కలిగించును. అమరములో ద్రాక్షకు గోస్తని యని యొక పేరు. పండు ఆకృతిని బట్టి ఆ పేరు వచ్చినది. మన నదికి ఆ పేరు ద్రాక్షవలన రాలేదు. అనంతగిరి కొండలలో బొఱ్ఱాగుహలయొద్ద అది పుట్టును. గుహలో గోవు పొదుగునుబోలిన రాతినుండి నీరు కారుటచేత గోస్తని యైనదని అచటివారి కథ. ఆ నీటిని తాటిపూడివద్ద ఆనకట్ట కట్టి నిలిపి విశాఖనగరమునకును తీసికొనిపోవుచున్నారు. మొగవద్దకు చేరునప్పటికి వేసవిలో ఆ గోవు వట్టిపోయినట్లే యుండును.

ఇక ఊరి చరిత్ర. డచ్చివారు, మన పెద్దలు వలందావారని పిలిచినవారు, 17వ శతాబ్దమున ఇచట వర్తకశాల పెట్టిరి. వారి గోరీలు సముద్రపుటొడ్డున నేటికిని నిలిచియున్నవి; రాళ్ళమీద చెక్కిన అక్షరములు ఉప్పుగాలికి అరిగిపోవుచున్నవి. 1754లో మరాటాసేనలు ఆ స్థావరమును కొల్లగొట్టినవి. 1825లో అది ఆంగ్లేయుల వశమైనది. 1861లో పురపాలన ఏర్పడినది. మనదేశమున మిక్కిలి ప్రాచీనములగు పురపాలకసంఘములలో నొకటి యని ఊరివారు చెప్పుకొనుట న్యాయమే. తరువాతి కాలమున అది మహావిశాఖ నగరపాలకసంస్థలో చేరిపోయినది. 1864 నాటి క్రైస్తవదేవాలయము, గడియారస్తంభము, పాతదీపస్తంభము మొదలగువానిని చూడవచ్చువారు పెక్కండ్రు. వానినిగూర్చి వ్రాసినవారును పెక్కండ్రు. నేను త్వరగా దాటిపోవుచున్నాను.

వారు వ్రాయనిది ఒకటి కలదు. భీమునిపట్టణపు రేవనగా గోడలు కట్టిన రేవు కాదు. ఓడ ఒడ్డునకు రాజాలదు. దూరమున లంగరు వేసికొని నిలిచియుండును. సరకంతయు అలలమీదుగా చిన్నపడవలలో చేరవలెను. ఆ పడవలను మసూలాపడవ లనెడివారు. పలకలను మేకులతో బిగింపక కొబ్బరిపీచు త్రాటితో కుట్టి చేయుదురు. మేకులు కొట్టిన పడవ అలతాకిడికి విచ్చిపోవును. కుట్టిన పడవ వంగి నిలుచును. ఆ తెడ్లు పట్టినవారు, నడుములోతు నీటిలో నిలిచి బస్తాలు మోసినవారు మన తీరమువారు. ఈ ప్రాంతపు గోగునార సీమకు ఎగుమతియై, వర్తకులలో భీమిలిజనుము అను పేరుతో ప్రసిద్ధి కెక్కినది. ఊరి పేరు సరకునకు పెట్టిరి. సరకును అలలు దాటించినవాని పేరు ఎచటను వ్రాయలేదు.

ఆ వైభవము ఎట్లు పోయినదో చిన్నవారు తెలిసికొనవలెను. 1890లలో తీరమువెంట రైలుదారి వేసినపుడు అది విజయనగరము మీదుగా పోయినది, భీమునిపట్టణమునకు రాలేదు. 1933లో విశాఖపట్టణమున ఓడలు లోనికి వచ్చి గోడప్రక్క నిలుచు రేవు తెఱచిరి. అటుపై నడిసముద్రమున లంగరు వేసి పడవలకై కాచుకొనుటకు ఏ ఓడవానికి అక్కఱ? తెడ్డు పట్టినవాడు మరల వలపట్టినాడు. కొందఱు రంగముపోయిరి, కొందఱు విశాఖ రేవున కూలికి చేరిరి, కొందఱు చిట్టివలస జనపమిల్లులో చేరిరి. ఆ మిల్లును 2009లో మూసివేసిరి. ఒక్కొక్క కుటుంబమున మూడు తరములలో మూడు వృత్తులు మాఱినవి. ఇట్టి మార్పులకు తట్టుకొని నిలిచినవారిని వెనుకబడినవారని పిలుచుట విడ్డూరముగా నున్నది.

కొండచుట్టునున్న పల్లెల పేర్లు వినుడు. చేపలుప్పాడ యని యొక యూరు. కాపులుప్పాడ యని మఱియొక యూరు. ఉప్పాడ యను మాటలో ఉప్పు వినబడుచునే యున్నది. ఒకటి చేపలవారిది, ఒకటి సేద్యగాండ్రది. ఇద్దఱి బ్రతుకులును ప్రక్కప్రక్కనే సాగినవని ఆ పేర్లే చెప్పుచున్నవి. చేప యిచ్చి గింజ తెచ్చుకొనుట మా యమ్మమ్మల కాలమున కలదు. నిడిగట్టు అనగా పొడవైన గట్టు. నేరెళ్ళవలసలో నేరేడుచెట్లు వినబడుచున్నవి. వలస యను చివరిమాట ఉత్తరాంధ్రమున ఎన్ని యూళ్ళకు గలదో లెక్కించుట కష్టము: చిట్టివలస, తగరపువలస, సంగివలస. ఎవరో ఎచటనుండియో తరలివచ్చి నిలిచినచోటు వలస. మనము ఇచట అనాదినుండి యున్నామని ఒండొరులతో వాదులాడుకొను కులములవారు ఈ యూళ్ళ పేర్లను దినమునకొకసారి పైకి చదువుకొన్నచో మేలు.

నేరెళ్ళవలస సమీపముననే ఎఱ్ఱమట్టిదిబ్బలు గలవు. కడలి దూరముగా పోయిన యుగములలో గాలి యెగురవేసిన యిసుక పేరుకొని, ఇనుపధాతువుచే ఎఱ్ఱబాఱి, వానలకు కోసికొనిపోయి గోపురములవలె గుమ్మటములవలె నిలిచినది. 1886లో విలియం కింగు అను భూగర్భశాస్త్రజ్ఞుడు వానిని వర్ణించెను. 2014లో భారత భూవిజ్ఞాన సర్వేక్షణశాఖవారు వానిని జాతీయ భూవారసత్వ స్థలముగా గుర్తించిరి. 2025లో యునెస్కో వారసత్వపు తాత్కాలిక పట్టికలో వాని పేరు చేరినది. మనవారికి ఆ దిబ్బలు అంతకుముందే పనికివచ్చినవి. తూర్పున ప్రొద్దుపొడిచి ఆ యెఱుపు మీద ఎండపడినపుడు నడిసముద్రమునుండి అది నిప్పుగీతవలె కనబడును.

ఇప్పుడు అసలు విషయమునకు వచ్చుచున్నాను.

తీరము విడిచిపోవు పడవనుండి చూచినచో మొదట ఇసుక మునుగును. పిదప ఇండ్లు మునుగును, కొబ్బరితలలు మునుగును, దీపస్తంభము మునుగును. తుదకు కొండయొక్కటే మిగులును. మరలివచ్చునపుడు మొట్టమొదట కనబడునదియు కొండయే. భూమి గుండ్రముగా నున్నదని పాఠశాలలో ఓడ బొమ్మను చూపి చెప్పుదుము. మన పిల్లలకు ఆ బొమ్మతో పనిలేదు.

నేను బడిలో పనిచేయు కాలమున మనవారి కుఱ్ఱవాడొకడు లేచి, "మాష్టారూ, కొండ కదలదు కదండీ. మరి మా తాత తెప్పమీద ఉండి కొండ నడిచింది, ఇక చాలు, వల దించండి అంటాడేమండీ?" యని యడిగెను. తరగతి యంతయు నవ్వెను. నేను నవ్వలేదు. సాయంకాలము ఆ తాతయొద్దకే పోతిని. ఆయన పేరుపొందిన తండేలు. నన్ను చిన్ననాటినుండి ఎఱిగినవాడు. చుట్ట వెలిగించుకొని, "బాబూ, కొండెక్కడ నడుస్తాదిరా? నడిచేది మనమే. అయితే నడిచేవోడికి కొండే నడిచినట్టుంటది" యనెను. పిదప ఇసుకమీద పుల్లతో గీచి చూపెను.

ఆయన చూపినది ఇది. ఒడ్డున దగ్గఱగా నొక గుఱుతు, దానికి వెనుక దూరముగా నొక గుఱుతు కావలెను. ముందు తాటిచెట్టు, వెనుక కొండకొమ్ము అనుకొందము. ఆ రెండును ఒక్క వరుసలోనికి వచ్చువఱకు తెప్ప నడుపవలెను. అప్పుడు మనమొక గీతమీద నున్నాము. ఆ గీత విడువక ముందునకు పోవుచు మఱియొక దిక్కునకు చూడవలెను. అచటను రెండు గుఱుతులుండును: గుడిగోపురమొకటి, దాని వెనుక వేఱొక కొండ. అవి రెండును ఒకదానివెనుక నొకటి చేరినంతనే రెండవ గీత దొరకినది. రెండు గీతలు కలిసినచోట, ఇరువది బారల నీటికి అడుగున, రాతిదిబ్బ యున్నది. అచట చేప యున్నది. దగ్గఱి గుఱుతు వేగముగా జరుగును, దూరపుగుఱుతు మెల్లగా జరుగును; కావుననే కొండ చెట్టును దాటి నడిచినట్లు తోచును. మఱునాడు తరగతిలో, సరళరేఖలు రెండు ఒక్క బిందువుననే ఖండించుకొనునను సూత్రమును ఆ కుఱ్ఱవానిచేతనే నల్లబల్లమీద చెప్పించితిని. ఆ రేఖాగణితమును ఆ యింట నాలుగు తరములుగా కాగితము లేక చదువుచున్నారు.

ఈ గుఱుతులు పోవుచున్నవి. 2014 అక్టోబరు 12వ తేదీన వచ్చిన హుద్‌హుదు తుపానునకు తీరమునందలి తాళ్ళు, సరుగుడుతోపులు వేలకొలదిగా కూలినవి. తండేలునకు చెట్టు కూలుట యనగా పుస్తకములోని పుట చినుగుట. చెట్లు నిలిచినచోట్ల మేడలు ముందునకు వచ్చి కొండమొదలును కప్పివేయుచున్నవి. విశాఖవైపున ఋషికొండను 2021 తరువాత కట్టడములకై ఎట్లు తొలిచిరో మీరు కన్నులార చూచినారు. కడలినుండి చూచువానికి ఆ కొండ మొగము మాఱినది. అటు భోగాపురమువద్ద విమానాశ్రయమునకు 2023లో శంకుస్థాపనమైన పిదప ఈ తీరమంతట నేలకు పుట్టిన గిరాకి మీకు నేను చెప్పవలసినది లేదు.

పడుచువాండ్రు ఉపగ్రహములతో దారిచెప్పు జి.పి.యస్. యంత్రమును కొనుచున్నారు. కొననిండు. పొగమంచులో అది కొండకంటె నమ్మదగినది. దానిని వద్దనువాడను కాను. గుఱుతులను వ్రాసి అచ్చువేయుదమని కొందఱు విద్యావంతులు నాతో ననిరి. దానికి తండేళ్ళు ఒప్పుకొనరు, ఒప్పుకొననక్కఱలేదు. రాతిదిబ్బ గుఱుతు ఒక్కొక్క యింటి సొత్తు. తండ్రి కొడుకునకు చెప్పును, అల్లునకు చెప్పుటకు సందేహించును. దానిని లోకమున వెదచల్లుడని కోరుటకు మనకు హక్కు లేదు. ఇంటింట ఒక పిల్లవాడు, చదువుకొనుచున్నవాడైనను, సెలవులలో తాతతో తెప్పమీద కూర్చుండి నేర్చుకొనిన చాలును.

వ్రాయవలసినది వేఱొకటి కలదు. అది గుట్టుగా దాచుటవలన చెడుచున్నది. పడవలు లాగి నిలుపుకొను ఇసుక, వలలు ఆఱవేయు చోటు, ఆడువారు చేపలు ఎండబెట్టు నేల, గంప దించుకొను చెట్టునీడ, గంగమ్మకు పూజచేయు తావు, ఊరినుండి కడలికి పోవు కాలిబాట ఇవి యెవరివి? పల్లె యెల్లరివి. ఏ కాగితమున నున్నవి? పెక్కుచోట్ల ఏ కాగితమునను లేవు. కొన్నవాడు కంచెవేసిన పిమ్మట, ఇది మా తాతలనాటినుండి మా బాటయని మనము చెప్పుదుము. ఆతడు కాగితము చూపును. మనము కొండను చూపుదుము.

సి.ఆర్.జెడ్. అని పత్రికలలో వ్రాయు తీరప్రాంత నియంత్రణ ప్రకటన 1991 ఫిబ్రవరి 19న మొదట వెలువడినది. పోటుగీతనుండి 500 మీటర్ల వఱకు నేలమీద ఏమి కట్టవచ్చును, ఏమి కట్టరాదు అని అది నిర్ణయించినది. 2011 జనవరి 6న దానిని తిరుగవ్రాసిరి. 2019 జనవరి 18న మరల తిరుగవ్రాసిరి. పల్లెటూరి తీరమున 200 మీటర్ల వఱకు కట్టడములు కూడవన్న నియమము, 2011 జనాభాలెక్కను బట్టి చదరపు కిలోమీటరునకు 2161 మందికి మించిన చోట్ల, 2019 ప్రకటనవలన 50 మీటర్లకు తగ్గినది. తగ్గిన ఆ 150 మీటర్లలో ఏమున్నవో ఒడ్డున పుట్టినవారికి తెలియును. వలయున్నది, ఎండుచేప యున్నది, పడవ యున్నది.

అయితే ఆ ప్రకటనలలోనే మనకు ఊతమిచ్చు వాక్యమొకటి కలదు. తీరపు ప్రణాళికాపటములలో మత్స్యకారుల గ్రామములను, వారి ఉమ్మడి తావులను, చేపలు ఆఱబెట్టు చోట్లను గుర్తించి చూపవలెనని విధించినారు. పటములో చూపినదానిని అడుగుటకు తావు దొరకును. చూపనిదానిని అధికారి, "ఇచట ఏమియు లేదే" యనును. ఆతని పటము ప్రకారము ఆతడు చెప్పినది సరియే. తొట్లకొండకు పేరున్నను, పటములో చేరువఱకు అది ఉత్త గుట్టగానే లెక్కింపబడినది. మన బాటలకును మన ఆఱవేయు నేలలకును పేర్లున్నవి. ఒక్కొక్క పల్లెలో వానిని ఏమని పిలుతురో ఆడువారిని అడిగినచో ఒక గంటలో ఇరువది పేర్లు చెప్పుదురు. మగవారిని అడిగినచో అయిదాఱు చెప్పుదురు. ఒడ్డుపని ఆడువారిది కదా.

కావున ఈ మహాసభవారికి నా విన్నపమిది. విద్యార్థినిధినుండి చదువుచున్న మన పిల్లలలో పెద్దతరగతులవారు ఈ సెలవులలో తమతమ పల్లెలకు పోయి, తల్లిని అమ్మమ్మను వెంటబెట్టుకొని, పల్లె సరిహద్దునుండి పోటుగీత వఱకు నడువవలెను. ఒక్కొక్క తావు పేరు, కొలత, దానితో పని, ఎన్నాళ్ళనుండి యను నాలుగు సంగతులు వ్రాయవలెను. గ్రామపటముల నకళ్ళు తెప్పించుటకు, తీరపు ప్రణాళికాపటములతో పోల్చిచూచుటకు కొంత ధనము, సర్వే తెలిసినవాని సహాయము కావలెను. పోషకమహాశయులలో ఇంజనీర్లు గలరు, న్యాయవాదులు గలరు. ఏటేట సన్మానపత్రములకును శాలువలకును వెచ్చించు సొమ్మును ఒక్క యేడు ఈ పనికి మరలించినచో, సన్మానము పొందవలసినవారు నొచ్చుకొనరని నమ్ముచున్నాను. ఆ పట్టికలో నాకును ఒక శాలువ కలదని కార్యదర్శిగారు నిన్న చెప్పిరి. దానిని మొదటి చందాగా జమ కట్టుకొనవలసినది.

మొదట చేపలుప్పాడ, మంగమారిపేట, భీమునిపట్టణపు ఒడ్డునందలి పేటలు చూచినచో చాలును. పల్లెకు ఇద్దఱు పిల్లలు, నాలుగు దినములు పట్టును. జూను 14వ తేదీకి లోపల ముగింపవలెను; 15వ తేదీ తెల్లవాఱుజామున మగవారెల్లరు కడలిమీద నుందురు, అడుగుటకు ఒడ్డున దొరకరు. వ్రాసినవానిని పల్లె పెద్దలయెదుట బిగ్గరగా చదివి వినిపించి, వేలిముద్రలైనను సంతకములైనను తీసికొని, మూడు ప్రతులు చేయవలెను. ఒకటి పల్లెలో నుండవలెను, ఒకటి సంఘపు పెట్టెలో నుండవలెను, ఒకటి జిల్లా కలెక్టరు కచేరీకి పంపి రసీదు పుచ్చుకొనవలెను. తీర్మానపు చిత్తుప్రతిని అధ్యక్షులవారికి సమర్పించుచున్నాను.